ఐపీ అడ్రస్ రోజుకోటి మారుతున్నా ప్రింటర్ పలకాలంటే: మీ కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టండి

పోయిన మే నెలలో ఒక సాయంత్రం ఏడున్నరకి మా మావయ్య దగ్గర్నుంచి ఫోన్. నరసరావుపేటలో ఆయనది జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్. "ఏరా అల్లుడూ, ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. మూడు కంప్యూటర్లలోనూ అదే గోల. ఇక్కడ ఎంసెట్ పిల్లాడు నిలబడి ఉన్నాడు" అన్నారు.

పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయింది గానీ పేటలో ఇంకా ఎంసెట్టే. ఆ పిల్లాడికి సెంటర్ గుంటూరులో పడింది, పొద్దున సెషన్. హాల్‌టికెట్ ప్రింట్ తీసుకుని, రాత్రికల్లా బస్సెక్కి చుట్టాలింట్లో దిగాలి. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి పోయిన కరెంటు ఏడింటికి వచ్చింది. వచ్చాక అన్నీ బాగానే ఆన్ అయ్యాయి, నెట్ వస్తోంది, ప్రింటర్ లైటు పచ్చగానే ఉంది. ప్రింట్ మాత్రం రాదు.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఎనీడెస్క్‌లో వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. ఈలోపు పిల్లాడు ఎదురు షాపుకి వెళ్లి ప్రింట్ తీసుకుని బస్సు ఎక్కేశాడు. పోయింది పది రూపాయలే. కానీ మావయ్య అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "కంప్యూటర్ మీద నంబరు రాసి అంటించి పోయావు. ఆ నంబరు మారితే మాకు ఎవరు చెప్తారు?"

తప్పు నాదే. ఆ సెటప్ చేసింది నేనే. బీటెక్ చదివి, నెట్‌వర్క్ సర్వీసులు రాసే ఉద్యోగం చేస్తూ ఇంత చిన్న విషయం దగ్గర ఎలా బోర్లా పడ్డానో, తర్వాత ఎలా సరిచేశానో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. ఇంట్లో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్నా, షాపులో బిల్లింగ్ మిషన్ ఉన్నా మీకు కూడా పనికొస్తుంది.

షాపులో అసలు ఏముంది

నాలుగు కంప్యూటర్లు. మూడు విండోస్ 11వి. నాలుగోది 4 జీబీ ర్యామ్‌తో ఉన్న ముసలి డెస్క్‌టాప్. దానికి విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. పాత ఇనుముకి వేసే బదులు దాంట్లో డెబియన్ లినక్స్ వేసి, యూఎస్‌బీ ప్రింటర్ దానికే తగిలించి, స్కాన్ చేసిన ఫైళ్లు పెట్టుకోవడానికి ఒక షేర్డ్ ఫోల్డర్ ఇచ్చాను. మిగతా మూడు మిషన్ల నుంచి ప్రింట్ కొడితే దీని ద్వారా వెళ్తుంది. ఆ రోజు దీని అడ్రస్ 192.168.1.5. విండోస్‌లో ప్రింటర్‌నీ ఫోల్డర్‌నీ అదే నంబరుతో కలిపాను. తెల్ల కాగితం మీద ఆ నంబరు రాసి మానిటర్‌కి అంటించాను కూడా. రెండు నెలలు పూలబాటలా నడిచింది.

ఎనీడెస్క్‌లో రౌటర్ పేజీ తెరిచి, ఏ అడ్రస్ ఎవరి దగ్గరుందో చూపించే లిస్టు చూస్తే విషయం అర్థమైంది. 192.168.1.5 ఇప్పుడు ఎవరిదో ఫోన్ దగ్గరుంది. మన డెబియన్ మిషన్ 192.168.1.11కి పోయింది. విండోస్ మిషన్లు మూడూ పాపం ఆ ఫోన్‌ని "ప్రింట్ తియ్యి" అని అడుగుతూ కూర్చున్నాయి.

ఆ లిస్టులోనే ఇంకో కాలమ్ ఉంది. అందులో పేర్లు. ఫోన్ పక్కన ఫోన్ మోడల్ పేరు. విండోస్ మిషన్ల పక్కన "డెస్క్‌టాప్" అని పెట్టి, వెనక ఏడు అర్థం లేని అక్షరాలు, అంకెలు. మన ముసలి మిషన్ పక్కన ఉత్తి "డెబియన్". అడ్రస్ మారింది గానీ ఆ పేరు మారలేదు. పేరు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లే లేరు.

అడ్రస్ అంటే కౌలు భూమి

రౌటర్‌లో డీహెచ్‌సీపీ అనే సర్వీసు ఉంటుంది. కొత్త ఫోన్ గానీ కంప్యూటర్ గానీ నెట్‌వర్క్‌లోకి రాగానే దానికొక అడ్రస్ ఇచ్చేది ఇదే. 1993లో ప్రమాణంగా వచ్చింది, ఇప్పుడు మనం ఐపీవీ4లో వాడుతున్న రూపం 1997 నాటిది. అడ్రస్‌ని ఇది దానం చెయ్యదు, ఇంత కాలానికి అని ఇస్తుంది. ఆ గడువుని ఇంగ్లీషులో లీజ్ అంటారు. మన పల్నాడు భాషలో చెప్పాలంటే కౌలు. మిర్చి వేసుకోవడానికి ఏడాదికి పొలం కౌలుకి తీసుకున్నట్టే, ఫోన్ ఒక అడ్రస్‌ని 24 గంటలకి తీసుకుంటుంది. (24 గంటలు అన్నది ఉదాహరణకే. రౌటర్‌ని బట్టి గంట ఉండొచ్చు, వారం ఉండొచ్చు.)

మంచి కౌలు రైతు గడువు అయ్యేదాకా ఆగడు కదా. కంప్యూటర్ కూడా అంతే. సగం గడువు గడవగానే, అంటే 12 గంటలకి, రౌటర్ దగ్గరికెళ్లి పొడిగించమంటుంది. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, అంటే 21 గంటలకి, ఆ రౌటరే అక్కర్లేదు, ఎవరైనా సరే పొడిగించండి అని నెట్‌వర్క్ మొత్తానికి కేకేస్తుంది. ఆన్‌లో ఉన్నంతసేపు ఈ పద్ధతి వల్ల ఒకే అడ్రస్ నెలల తరబడి ఉంటుంది. నేను మోసపోయింది అక్కడే. రెండు నెలలు మారలేదు కాబట్టి ఇక మారదు అనుకున్నాను.

కరెంటు పోతే కథ వేరు. ఆ రోజు నాలుగు గంటల కోతకి ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. రౌటర్ ఆగిపోయింది. ఇళ్లలో పెట్టే చాలా రౌటర్లు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామనే లెక్క మెమరీలోనే పెట్టుకుంటాయి, ఆగితే ఆ లెక్క పోతుంది. ఏడింటికి కరెంటు వచ్చింది, రెండు నిమిషాల్లో రౌటర్ లేచింది. అప్పటికి డెస్క్‌టాప్‌లు ఇంకా ఆన్ చెయ్యలేదు. కానీ షాపులో నిలబడ్డ వాళ్ల జేబుల్లో ఫోన్లు బ్యాటరీ మీద బతికే ఉన్నాయిగా, అవి ముందు దూరిపోయాయి. మా రౌటర్ వరసలో ఖాళీగా కనిపించిన నంబర్లు పంచేసింది. తర్వాత తీరిగ్గా లేచిన డెబియన్ మిషన్ "నాది 5, నాకివ్వండి" అంది. రౌటర్ కుదరదంది. 11 ఇచ్చింది.

నేను వేసిన రెండు తప్పుడు మందులు

మొదట తట్టింది అందరికీ తట్టేదే. డెబియన్ మిషన్‌లోనే 192.168.1.5 అని గట్టిగా రాసేశాను, రౌటర్‌ని అడగొద్దని. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు ప్రింట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎందుకంటే రౌటర్‌కి ఈ సంగతి తెలియదు. అది 5ని ఇంకో ఫోన్‌కి ఇచ్చేసింది. ఒకే ఇంటి నంబరుతో రెండు ఇళ్లు, పోస్ట్‌మన్ ఏ తలుపు కొడితే అది. అసలు దొరకనిదానికంటే ఇది ఘోరం, ఎందుకంటే తప్పు ఎక్కడుందో పట్టుకోలేం. ఇలా స్థిర అడ్రస్ పెట్టుకోవాలంటే రౌటర్ పంచే వరస బయట ఉన్న నంబరు తీసుకోవాలి. మా రౌటర్ 2 నుంచి 254 దాకా మొత్తం తనే పంచుతోంది, బయట అనేదే లేదు.

సరైన మార్గం రిజర్వేషన్. ఫలానా మ్యాక్ అడ్రస్ ఉన్న మిషన్‌కి ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వు అని రౌటర్‌కే చెప్పడం. మీ రౌటర్‌లో ఈ ఆప్షన్ కనిపిస్తే తప్పకుండా వాడండి. ఫోన్లకి వాడేటప్పుడు మాత్రం ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ చూపించవు, ఒక మారు మ్యాక్ చూపిస్తాయి. కాబట్టి ఫోన్ డబ్బా మీద రాసిన మ్యాక్‌తో రిజర్వ్ చేసి పని చెయ్యట్లేదని తల బాదుకోకండి. రౌటర్ లిస్టులో ఏది కనిపిస్తే అదే వాడండి, లేదా ఆ వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి డివైస్ మ్యాక్ వాడమని చెప్పండి.

మా కేసులో రిజర్వేషన్ కుదరలేదు. కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటర్ అది. వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ తెరుచుకుంటుంది, డీహెచ్‌సీపీ పేజీ టెక్నీషియన్ లాగిన్‌కే. అడిగితే చూస్తామన్నారు.

నంబర్ల మీద మన చేయి ఆడనప్పుడు మిగిలింది పేరు.

పేరు పెట్టడం అంత తేలిక కాదు

మీ ఫోన్లో అమ్మ నంబరు చూడకుండా చెప్పగలరా? చాలామంది చెప్పలేరు. అమ్మ అని సేవ్ చేసుకున్నాం, నంబరు మారితే కాంటాక్ట్‌లో ఒక్కచోట మారుస్తాం. కంప్యూటర్ల లోకం కూడా ఇలాగే మొదలైంది. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో మిషన్ల పేర్లు, అడ్రస్‌లు అన్నీ ఒకే ఒక్క ఫైల్‌లో ఉండేవి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ ఫైల్‌ని నడిపేది, మిగతా వాళ్లంతా అక్కణ్ణుంచి కాపీ తెచ్చుకునేవాళ్లు. మిషన్లు పెరిగేసరికి ఆ పద్ధతి మోయలేకపోయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చారు. కానీ ఆ పాత ఫైల్ చావలేదు. మీ విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ "హోస్ట్స్" అనే పేరుతో ఇప్పటికీ ఉంది. దాంతో మనకి కాసేపట్లో పని పడుతుంది.

పేరేం పెట్టాలి? రూల్స్ చిన్నవే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్. స్పేస్ ఉండకూడదు, అండర్‌స్కోర్ ఉండకూడదు. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు గానీ విండోస్ పాత పద్ధతి 15 దాటితే ఒప్పుకోదు కాబట్టి 15 లోపే ఆపండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా లేదు.

నేనైతే పల్నాటి వీరుల మీద పడ్డాను. ఒక మిషన్‌కి బ్రహ్మనాయుడు, ఒకదానికి నాగమ్మ, ఒకదానికి మాంచాల, ముసలిదానికి కన్నమదాసు. కంప్యూటర్లకి పేర్లు పెట్టడం గురించి 1990లోనే ఇంటర్నెట్ వాళ్లు ఒక పత్రం రాసుకున్నారు, దాని నంబరు ఆర్ఎఫ్‌సీ 1178. ఒకే కుటుంబం పేర్లు వాడుకోండి అని అందులో ఉంది కాబట్టి నాకు ధైర్యం కూడా వచ్చింది. నాగమ్మనీ బ్రహ్మనాయుణ్ణీ ఒకే నెట్‌వర్క్‌లో పెడితే ఏమవుతుందో కారంపూడి వాళ్లని అడగాలి, అది వేరే విషయం. అసలు ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. అదే పత్రంలో, రకరకాలుగా స్పెల్లింగ్ రాసే వీలున్న పేర్లు వద్దని కూడా ఉంది. నాయుడు అని ఇంగ్లీషులో కొట్టమంటే షాపు కుర్రాడు మధ్యలో "ఐ" కొట్టాడు, మావయ్య "వై" కొట్టారు, నేను రెండు "ఏ"లు కొట్టాను. మూడు మిషన్లు, ముగ్గురు నాయుళ్లు.

చివరికి మావయ్యే తేల్చారు. "కొట్టు అని పెట్టరా. మన కొట్టే కదా." కే, ఓ, టీ, టీ, యూ. అయిదక్షరాలు, ఎవరు కొట్టినా ఒకటే స్పెల్లింగ్. మిగతా మూడూ బల్ల-1, బల్ల-2, బల్ల-3. వీరులంతా సెలవు తీసుకున్నారు.

లినక్స్‌లో పేరు మార్చడం, 127.0.1.1 కథ

కమాండ్లు కీబోర్డ్ మీద ఇంగ్లీషులోనే కొట్టాలి, ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. విండోస్‌లో చాలా సులువు: సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి "రీనేమ్ దిస్ పీసీ" నొక్కి, పేరిచ్చి, రీస్టార్ట్ చెయ్యడమే. లినక్స్‌లో "హోస్ట్‌నేమ్‌సీటీఎల్" కమాండ్‌కి "సెట్-హోస్ట్‌నేమ్" అని చెప్పి, పక్కన కొత్త పేరు ఇవ్వాలి. సుడో హక్కులు కావాలి.

అయిపోయింది అనుకుంటాం. తర్వాత సుడో వాడిన ప్రతిసారీ ఒక ఫిర్యాదు: ఈ హోస్ట్ పేరుకి అడ్రస్ దొరకట్లేదు అని. ఎందుకంటే పేరు మారింది గానీ ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న హోస్ట్స్ ఫైల్‌లో ఇంకా పాత "డెబియన్" పేరే ఉంది. మిషన్‌కి తన పేరు తనకే కొత్త.

ఫైల్ తెరిచాను. అందులో పాత పేరు ఎదురుగా 127.0.1.1 అని ఉంది. ఇదేదో పిచ్చి నంబరులా ఉందే అనుకుని, దాన్ని తీసేసి, అప్పటి అసలు అడ్రస్ 192.168.1.11 పెట్టి పక్కన కొట్టు అని రాశాను. అంతా సవ్యంగా ఉంది. వారం తిరక్కుండా అడ్రస్ మళ్లీ మారింది. అప్పుడు మా మిషన్ తనని తాను వెతుక్కుంటూ వెళ్లి ఎవరిదో ఫోన్ తలుపు తట్టడం మొదలుపెట్టింది. అక్కడ జవాబు చెప్పేవాళ్లు ఉండరు కదా, కొన్ని ప్రోగ్రాములు తెరుచుకోవడానికి అలా ఎదురుచూస్తూ నిలబడిపోయాయి.

అప్పుడు తెలిసొచ్చింది ఆ "పిచ్చి నంబరు" ఎందుకుందో. 127తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ, అంటే 127.0.0.0 నుంచి 127.255.255.255 దాకా, కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికే. అవి తీగ దాటి బయటికి పోవు. మనకి బాగా తెలిసిన 127.0.0.1 లోకల్‌హోస్ట్ అనే పేరుకి కేటాయించారు. కొన్ని ప్రోగ్రాములకి మాత్రం లోకల్‌హోస్ట్ చాలదు, ఈ మిషన్ సొంత పేరుకి ఏదో ఒక అడ్రస్ దొరకాలి. స్థిరమైన అడ్రస్ ఉంటే అదే రాయొచ్చు. రోజుకో అడ్రస్ వచ్చే మిషన్‌కి ఏం రాస్తాం? అందుకే డెబియన్ వాళ్లు, లోకల్‌హోస్ట్‌తో కలిసిపోకుండా, పక్కనే ఉన్న 127.0.1.1ని సొంత పేరుకి ఇచ్చేస్తారు. రౌటర్ ఏ నంబరు ఇచ్చినా, అసలు నెట్ లేకపోయినా, ఇది మారదు. ఉబుంటులో కూడా ఇదే పద్ధతి. అంటే నేను తీసేసిన ఆ లైనే మా సమస్యకి సగం మందు. మళ్లీ 127.0.1.1 రాసి, పక్కన కొట్టు అని పెట్టాను. ఫిర్యాదులు ఆగిపోయాయి.

(సిస్టమ్‌డీతో వచ్చే "మైహోస్ట్‌నేమ్" మాడ్యూల్ ఉన్న లినక్స్‌లలో ఈ లైను లేకపోయినా పని నడుస్తుంది, సొంత పేరుకి జవాబు అదే చెప్పుకుంటుంది. డెబియన్‌లో ఒకసారి ఫైల్ తెరిచి చూసుకోవడం మంచిది.)

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని సర్వర్ ప్రోగ్రాములు తమ పేరుకి ఏ అడ్రస్ వస్తే ఆ అడ్రస్ మీదే తలుపు తెరుస్తాయి. 127.0.1.1 అని రాసి ఉంటే లోపలికి మాత్రమే తెరుస్తాయి, బయటివాళ్లకి గోడే. ఉబుంటు మీద హెచ్‌బేస్ పాత వెర్షన్లు వేసిన వాళ్లు ఈ దెబ్బ తిన్నారు, దాని డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి ప్రత్యేకంగా రాశారు. అలాంటివి నడిపేటప్పుడు మిషన్‌కి స్థిర అడ్రస్ ఇచ్చి అదే రాయండి. ప్రింటర్‌కీ ఫోల్డర్‌కీ మాకు ఈ ఇబ్బంది రాలేదు.

ఇంకో ముచ్చట. హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌లో "ప్రెట్టీ" అని ఇంకో రకం పేరు ఉంది. అది మనుషులు చదువుకోవడానికే, ఏ భాషైనా, స్పేస్‌లైనా ఒప్పుకుంటుంది. అందులో తెలుగులోనే "మావయ్య గారి కొట్టు" అని పెట్టాను. దాని వల్ల ఏ పనీ జరగదు. బాగుంటుంది అంతే.

మిగతా మిషన్లకి ఆ పేరు ఎలా తెలుస్తుంది

తన పేరు తనకి తెలిసింది సరే. బల్ల-1లో కూర్చున్న కుర్రాడికి కొట్టు ఎక్కడుందో ఎవరు చెప్తారు? హోస్ట్స్ ఫైల్ చెప్పదు, అది ఎవరిది వాళ్లకే.

ఒక దారి రౌటరే. కౌలు అడిగేటప్పుడు కంప్యూటర్ తన పేరు కూడా పంపుతుంది. రౌటర్ లిస్టులో పేర్లు కనిపించింది అందువల్లే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్లు ఆ పేరుని తమ డీఎన్ఎస్‌లో కూడా రాసుకుంటాయి, ఎవరైనా అడిగితే ఇప్పటి అడ్రస్ చెప్తాయి. మా రౌటర్ పేరు లిస్టులో చూపిస్తుంది గానీ అడిగితే జవాబు చెప్పదు.

రెండో దారి మల్టీకాస్ట్ డీఎన్ఎస్. దీంట్లో పెద్దమనిషి ఎవరూ లేరు. "కొట్టు ఎవరు?" అని 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రస్‌కి, 5353 పోర్టుకి అడుగుతారు. రచ్చబండ దగ్గర కేకేసినట్టు. అందరూ వింటారు, ఎవరిది ఆ పేరో వాళ్లు మాత్రం "నేనే, ఇప్పుడు నా అడ్రస్ ఇది" అంటారు. అడ్రస్ ఎన్నిసార్లు మారినా నష్టం లేదు, జవాబు చెప్పేది ఆ మిషనే కాబట్టి. యాపిల్ 2002లో రాండెవూ పేరుతో దీన్ని మ్యాక్‌లోకి తెచ్చింది, తర్వాత బాంజూర్ అని పేరు మార్చింది. 2013లో స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోచ్‌మల్ రాసిన పత్రంతో అందరి ప్రమాణం అయింది. లినక్స్‌లో ఈ పని చేసేది అవాహి. డెస్క్‌టాప్‌తో వేసిన డెబియన్‌లో మామూలుగా ముందే ఉంటుంది. విండోస్ 10, 11లకి విడిగా ఏమీ వెయ్యక్కర్లేదు.

వాడటానికి పేరు చివర డాట్ లోకల్ తగిలించాలి. విండోస్‌లో పాత 192.168.1.5 ప్రింటర్ని తీసేసి కొట్టు.లోకల్‌తో మళ్లీ కలిపాను. ఫోల్డర్‌కి \\కొట్టు.లోకల్\స్కాన్. బ్రౌజర్‌లో కొట్టేటప్పుడు చివర ఒక స్లాష్ పెట్టండి, లేకపోతే అదేదో వెతుకుతున్నారనుకుని గూగుల్‌కి తీసుకుపోవచ్చు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్రౌజర్‌కి ఈ పేరు అర్థం కాకపోవచ్చు, కొత్త వాటిలో బాగానే వస్తోంది. ఫోన్ నుంచి ప్రింట్ కొట్టినప్పుడు ప్రింటర్ దానంతటదే లిస్టులో కనిపిస్తుంది చూశారా, దాని వెనక ఉన్నది కూడా ఈ కేకే.

పని చెయ్యకపోతే ముందు రెండు చూడండి. ఒకే పేరు ఇద్దరికి ఉందేమో. అలా ఉంటే అవాహి రెండోదాన్ని కొట్టు-2 అని మార్చేస్తుంది. లేదా ఒక మిషన్ ఒక వైఫైలో, ఇంకోటి గెస్ట్ వైఫైలో ఉందేమో. కేక ఆ గోడ దాటదు.

ఆధార్ కార్డులున్న ఫోల్డర్

గెస్ట్ వైఫై అనగానే అసలు సంగతి చెప్పాలి. ఈ పనంతా చేస్తున్నప్పుడు నాకు చెమటలు పట్టించింది అడ్రస్ కాదు.

ఒక కస్టమర్ ఫోన్ 192.168.1.5ని ఎలా తీసుకుంది? షాపు వైఫై పాస్‌వర్డ్ అడిగినవాళ్లందరికీ ఇచ్చారు కాబట్టి. ఫైల్ వాట్సాప్‌లో పంపడానికి సిగ్నల్ లేదంటే ఇవ్వక ఏం చేస్తారు. అంటే వాళ్ల ఫోన్లన్నీ మా కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. ఆ నెట్‌వర్క్‌లో స్కాన్ ఫోల్డర్ ఉంది. దాన్ని సులువుగా ఉంటుందని పాస్‌వర్డ్ లేకుండా తెరిచి పెట్టింది నేనే. అందులో రెండు నెలల ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్ పుస్తకాలు, మార్కుల లిస్టులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు. ఫైల్ మేనేజర్ యాప్ ఉన్న ఏ ఫోన్‌ అయినా లోపలికి వచ్చి కాపీ చేసుకోవచ్చు. పేరు పెట్టడం వల్ల ఇది ఇంకా సులువవుతుంది కూడా, ఇప్పుడు ఆ మిషన్ తనే కేకేసి నేనిక్కడున్నాను అంటుంది కదా.

ఆ రాత్రే సాంబా సెట్టింగుల్లో గెస్ట్‌లని ఆపేసి పాస్‌వర్డ్ పెట్టాను. వారం దాటిన స్కాన్‌లు వాటంతటవే డిలీట్ అయ్యేలా ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. కస్టమర్లకి గెస్ట్ వైఫై విడిగా ఆన్ చేసి, షాపు వైఫై పాస్‌వర్డ్ మార్చాను. ఎవరైనా ఆ ఫోల్డర్ తెరిచారా అంటే, లాగ్‌లు పెట్టుకోలేదు కాబట్టి చెప్పలేను. మీ షాపులో షేర్డ్ ఫోల్డర్ ఉంటే, ఈ ఆర్టికల్‌లో ఇంకేం చెయ్యకపోయినా, ఇప్పుడే మీ ఫోన్ నుంచి అది తెరుచుకుంటుందేమో చూడండి.

ఇంటి నుంచి చూడొచ్చా?

పేరు పని చెయ్యడం చూసి మావయ్య అడిగారు: "ఇంట్లో కూర్చుని కొట్టు.లోకల్ అంటే కెమెరాలు కనిపిస్తాయా?" కనిపించవు. డాట్ లోకల్ ఆ నాలుగు గోడల మధ్యే. బయట నుంచి రావాలంటే షాపు కనెక్షన్‌కి ఉన్న బయటి అడ్రస్ కావాలి, అదీ మారుతుంటుంది. దాని కోసం డైనమిక్ డీఎన్ఎస్ సర్వీసులు ఉన్నాయి, డక్‌డీఎన్ఎస్, నో-ఐపీ లాంటివి. అడ్రస్ మారినప్పుడల్లా మీ మిషనే వెళ్లి వాళ్లకి కొత్తది చెప్తుంది.

ముందు రౌటర్ స్టేటస్ పేజీలో బయటి అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే ఆ అడ్రస్ కూడా మీ సొంతం కాదు, కంపెనీ వాళ్లు చాలామందికి కలిపి ఒకటే వాడుతున్నారు. అప్పుడు డైనమిక్ డీఎన్ఎస్ ఐపీవీ4లో పనికిరాదు. మాది అదే. అందుకని డెబియన్‌లోనూ మావయ్య ఫోన్లోనూ టెయిల్‌స్కేల్ వేశాను, అది ఇచ్చే మ్యాజిక్‌డీఎన్ఎస్‌లో ఆ మిషన్ పేరు కూడా కొట్టే. పోర్టులు తెరిచి కెమెరాలని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టడం మాత్రం నేను చెయ్యను, మీరూ చెయ్యకండి.

అక్టోబర్‌లో పిడుగుపాటుకి రౌటర్ కాలిపోయింది. కొత్తది పెట్టి వెళ్లారు. దాని నంబర్ల వరసే వేరు, 192.168.1 కాదు. నంబర్లతో కలిపి ఉంటే ప్రింటర్, ఫోల్డర్ అన్నీ ఆ రోజే ఆగిపోయేవి. నాకు ఫోన్ రాలేదు. పది రోజుల తర్వాత దీపావళికి ఊరెళ్లినప్పుడు రౌటర్ రంగు మారిందేంటని అడిగితే అప్పుడు చెప్పారు మావయ్య.

రౌటర్ పేజీ తెరిచి లిస్టు చూశాను. కొట్టు, బల్ల-1, బల్ల-2, బల్ల-3, వాటి కింద వరసగా పదిహేడు ఫోన్లు. కొత్త రౌటర్‌లో గెస్ట్ వైఫై ఎవరూ ఆన్ చెయ్యలేదు. షాపు పాస్‌వర్డ్ మళ్లీ గోడ మీద, మా పాత కాగితం వెనకవైపు రాసి ఉంది.